కంపపాడు లెక్కలో మా నాంచారు

సంచీలో ముందు దుప్పటి పెట్టాను. దాని మీద నాలుగు చీరలు, మోకాళ్ళ తైలం, చింతకాయ పచ్చడి డబ్బా, డబ్బా కారితే చీరలు పాడవకుండా చుట్టూ పాత తువ్వాలు. మా చెల్లెలు నాంచారమ్మ వచ్చి పచ్చడి డబ్బా తీసేసి ఆ జాగాలో కంప్యూటర్ కీబోర్డు పెట్టింది. నేను కీబోర్డు తీసి పచ్చడి పెట్టాను. ఆమె మళ్ళీ మార్చింది. కాసేపు ఇలా జరిగాక, సంచీ జిప్పు పడకపోతే ప్రయాణం ఆగుతుందని నేను ఆశపడుతున్న సంగతి కనిపెట్టేసింది.

"జిప్పు పడకపోతే తాడుతో కట్టుకునైనా పోతానే అక్కా. లే, అడ్డం లే," అంది.

బయటికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడంలో మా ఇంటికి మంచి పేరు లేదు. మా ఆయన సైకిలుకి గాలి కొట్టించుకొస్తానని వెళ్ళి, గాలి కొట్టే దుకాణం దగ్గరే గుండె ఆగి పోయారు. మా తమ్ముడు వేటకెళ్ళిన పడవ ఒడ్డుకొచ్చింది గాని వాడు రాలేదు. మిగిలింది నాంచారు. ఇప్పుడు దాన్ని ప్రభుత్వం తీసుకుపోతోంది. అది చేసిన నేరం రైలు నడపడం.

నాంచారు భర్త రైల్వే గేటు మనిషి. గేటు పక్క గదిలోనే వాళ్ళ కాపురం సాగింది. ఆయన పోయాక పాతరేవులో నా దగ్గరికి వచ్చేసింది. మా వాటాలో అద్దెకున్న కుర్రాళ్ళు ఖాళీ చేస్తూ, బరువని ఒక కంప్యూటరు వదిలిపెట్టి పోయారు. నాంచారు దాన్ని రోజూ తుడిచేది. తుడిచి తుడిచి ఒకరోజు వెలిగించింది. దాంట్లో రైలు నడిపే ఆట కూడా ఆడుకోవచ్చని ఎదురింటివాళ్ళు చెప్పారట. అంతే, బ్రహ్మాజీ సెల్ పాయింటుకి వెళ్ళి ఆట కొనుక్కొచ్చుకుంది.

ఈ రోజుల్లో ఆటలు డబ్బాల్లో రావు. ఆన్‌లైన్ దుకాణానికి డబ్బు కడితే ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపిన ఒక వరస ఇస్తారు. దాన్ని కీ అంటారు. అది కొట్టగానే ఆట తెరుచుకుంటుంది. అదే ఆటకి దుకాణంవాళ్ళు పట్టుచీర ధర అడిగితే, బ్రహ్మాజీ జాకెట్టు గుడ్డ ధరకి ఇచ్చాడు. అంత చవగ్గా ఎలా వచ్చిందని నాంచారు అడగలేదు. చవక చీర కొనేటప్పుడు ఎవరు మాత్రం అడుగుతారు?

ఆటలో మంచు దేశం. నాంచారు గూడ్సు బండి నడిపేది. నిజం బండికి ఎంతసేపు పడుతుందో ఈ బండికీ అంతసేపు పడుతుంది. సిగ్నల్ పడకపోతే ఆగాల్సిందే. పక్కన కూర్చుని చూస్తే ఆటలా ఉండదు, ఎవరో ఉద్యోగం చేస్తున్నట్టు ఉంటుంది. దానికి మాత్రం అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు.

ఇక శాఖ సంగతి. వెనుకబడిన మండలాల ప్రజలు కంప్యూటర్ ఆటల్లో కూడా వెనుకబడిపోతున్నారని రాష్ట్ర అంకాత్మక క్రీడా వికాస శాఖకి దిగులు పట్టుకుంది. అటువంటి మండలాల్లో కీలు కారుచౌకగా అమ్మాలని ఆన్‌లైన్ దుకాణాలకి ఆదేశమిచ్చింది. అన్నిటికంటే వెనుకబడిన మండలం కంపపాడు. పథకం పెట్టిన మొదటి ఏడాదే అక్కడ ఉన్న తలకాయల కంటే ఎక్కువ కీలు అమ్ముడయ్యాయి. శాఖవారు పొంగిపోయి కంపపాడుని క్రీడా చైతన్య మండలంగా ప్రకటించారు. ఢిల్లీలో అవార్డు ఇచ్చారు. సంచాలకులవారు అవార్డు పట్టుకున్న ఫొటో రాష్ట్రంలో ప్రతి బస్టాండులోనూ వెలిసింది.

తరువాత ఎవరో ఆడిటరుగారు కంపపాడు వెళ్ళారు. మండలం మొత్తానికి ఉన్నది ఒకే కంప్యూటరు. అది మండలాఫీసులో పసుపు బట్ట కప్పుకుని, దసరాకి పెట్టిన కుంకుమ బొట్టుతో ఉంది. కీలన్నీ మధ్యవర్తులు కంపపాడు పేరున కొని పట్నాల్లో అమ్ముకున్నారు. బ్రహ్మాజీ లాంటివాళ్ళు ఊరికొకరు ఉన్నారు.

ఈ చాటుబేరాన్ని ఏం చేయాలని శాఖలో పెద్ద సమావేశం పెట్టారు. కీలు రద్దు చేస్తే అమ్మకాలు రద్దవుతాయి. అమ్మకాలు రద్దయితే అవార్డు వాపసు ఇవ్వాలి. అవార్డు వాపసు ఇస్తే ఇచ్చారు గాని, అన్ని బస్టాండుల్లోంచి ఆ ఫొటోలు ఎవరు పీకుతారు? అప్పుడు సంచాలకులవారు లేచి ఒక్క మాటన్నారని పేపర్లో వేశారు. "లెక్క సరిగ్గానే ఉంది. జనమే తప్పుచోట ఉన్నారు."

దాంతో ఉత్తర్వు వచ్చింది. ఏ మండలం కీని ఆ మండలంలోనే వాడాలి. వాడేవారు అక్కడే ఉండాలి. నేను బడికి పోలేదు, పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. పొట్లాం కాగితానికి మొదలూ చివరా ఉండవు గనక, ఉన్నదంతా చదవడం అలవాటైంది. ఆ ఉత్తర్వూ అంతా చదివాను. కీ అన్న మాట అందులో ఎక్కడా లేదు. 'అంకాత్మక క్రీడా ప్రవేశ సంకేతం' అని ఉంది. మా నాంచారు అన్న మాట కూడా లేదు. 'స్థానభ్రంశం చెందిన వినియోగదారు' అని ఉంది.

నాంచారుని వెంటబెట్టుకుని పాతరేవులోని ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళాను. అధికారి విశ్వమోహనరావుగారు మర్యాదస్తులు, కూర్చోబెట్టి మాట్లాడారు. ఈ వయసులో దీన్ని అంత దూరం పంపించలేను, ఆ కీనే అక్కడికి పంపించేయండి, మాకొద్దని చెప్పాను.

"వినియోగదారు లేని సంకేతం అనాథ సంకేతం అవుతుందమ్మా," అన్నారాయన. "అనాథ సంకేతాలను శాఖ ప్రోత్సహించదు."

పోనీ ఆట మానేస్తుందన్నాను. నాంచారు నా కాలు తొక్కింది.

"మానేయడం నిర్వినియోగం కిందికి వస్తుంది. అది ప్రజాధనాన్ని అవమానించడం. తమరి చెల్లెలుగారు స్వస్థలానికి చేరుకుని, వినియోగం పూర్తిచేసుకుని, గౌరవంగా తిరిగి వస్తారు."

కంపపాడు దీని స్వస్థలం కాదు కదండీ అన్నాను. సంకేతం స్వస్థలమే వినియోగదారు స్వస్థలమని ఆయన చెప్పారు. నాంచారు ఒక్కటే ప్రశ్న అడిగింది, అక్కడి కంప్యూటర్లు పెద్దవేనా అని. పెద్దవేనన్నారు. ఇంక నా మాట వినేదెవరు?

అలా ఆ సంచీకి, పచ్చడి లేకుండానే, జిప్పు పడింది. నాంచారు పొద్దున్న శాఖవారి బస్సెక్కి వెళ్ళిపోయింది. బస్సు నిండా ఇలాంటి కీలు కొన్నవాళ్ళే.

నెల తిరగకుండానే పచ్చడి డబ్బా పట్టుకుని నేనూ కంపపాడు వెళ్ళాను. ఆటగాళ్ళని మిర్చి యార్డు షెడ్లలో పెట్టారు. మిరపకాయలు ఖాళీ చేశారు గాని ఘాటు ఖాళీ చేయలేదు. ఎటు చూసినా కంప్యూటర్ల ముందు మనుషులు తుమ్ముతూ, ముక్కులు తుడుచుకుంటూ శ్రద్ధగా ఆడుతున్నారు. దయ్యాల్ని కాల్చే పళ్ళ డాక్టరుగారు ఒక పక్క, కంప్యూటర్లో క్యాబేజీ పండించే పురోహితుడుగారు ఒక పక్క, మధ్యలో మా నాంచారు. తలకి గుడ్డ కట్టుకుని వంతెన మీద బండి పోనిస్తోంది. నన్ను చూసి లేవలేదు, సిగ్నల్ వచ్చేదాకా ఆగమని చెయ్యి ఊపింది.

యార్డు గేటు దగ్గర టీ కాచే సామ్రాజ్యం ఆ ఊరి మనిషే. నాకు స్టూలు వేసి ఊరి కష్టం చెప్పింది. "ఈ ఊళ్ళో పుట్టినోళ్ళమేనమ్మా. లెక్కలో మాత్రం మేం లేమంట. మండలమంతా ఆటగాళ్ళతోనే నిండిందంట. మమ్మల్ని ఏదో ఒక పక్కకి సర్దుకోమన్నారు. సరేలే, టీ అయితే మాదే తాగుతున్నారు."

నాంచారు ఎప్పుడొస్తుందో కనుక్కుందామని శిబిరాధికారిణి కుముదవల్లిగారి దగ్గరికి వెళ్ళాను. నియమం చాలా సులువన్నారు ఆవిడ. ఆట పూర్తయితే సంకేతం వినియోగమైనట్టు, మనిషికి విముక్తి. దయ్యాలన్నీ చచ్చిపోగానే పళ్ళ డాక్టరుగారు వెళ్ళిపోతారు. క్రికెట్టు పిల్లలు కప్పు గెలిచి అప్పుడే వెళ్ళిపోయారు.

రైలు ఆటకి చివర అంటూ ఉండదండీ, ఒక స్టేషను అయితే ఇంకో స్టేషను వస్తుందన్నాను. ఆవిడకి ఆ సంగతి తెలుసు.

"ముగింపు లేని ఆటల ముగింపు నిర్ధారణకు ఉన్నత స్థాయి సంఘం వేశామమ్మా. ఆట ఎక్కడ ముగియనున్నదో సభ్యులు స్వయంగా ఆడి నిర్ధారించవలసి ఉంది."

ఎక్కడున్నారు ఆ సభ్యులని అడిగితే పక్క షెడ్డు చూపించారు. రిటైరైన పెద్దమనుషులు వరసగా కూర్చుని ఉన్నారు. ఒకాయన రైలు నడుపుతున్నాడు, ఇద్దరు క్యాబేజీకి నీళ్ళు పెడుతున్నారు. అధ్యక్షులవారిని నివేదిక ఎప్పుడిస్తారని అడిగాను. ఆయన తల తిప్పకుండా, "ఈ కోత అయిపోనివ్వండి," అన్నారు.

తిరిగొచ్చేముందు నాంచారుకి సంగతి చెప్పాను. అంతా విని, గుడ్డతో ముక్కు తుడుచుకుని, "అయితే నన్నిక్కడ్నించి ఎవరూ పంపలేరన్నమాట," అంది. అది దిగులుపడి అన్న మాటనుకుని దారంతా నేను ఏడ్చాను.

ఆ తరువాతి ఏడాది శాఖ మళ్ళీ లెక్క తీసింది. ఆటగాళ్ళంతా అక్కడ చేరడంతో కంపపాడు రాష్ట్రంలోకెల్లా ముందున్న మండలమైంది. ముందున్న మండలానికి రాయితీ ఎందుకు? తీసేశారు. అక్కడ కీల ధర పట్టుచీర దాకా పోయింది. ఇక మా పాతరేవులో ఆడేవాళ్ళంతా వెళ్ళిపోయారు గనక, మాది అత్యంత వెనుకబడిన పట్టణమని తేలింది. మా వీధి మొదట్లో బోర్డు పెట్టారు. మా ఊళ్ళో కీ తమలపాకుల కట్ట ధరకి దిగొచ్చింది.

బ్రహ్మాజీ దుకాణం తాళం వేసుకుని కంపపాడు వెళ్ళి, సామ్రాజ్యం టీ బండి పక్కనే షెడ్డు వేశాడు. పాతరేవు కీలు కొని అక్కడ అమ్మడం మొదలుపెట్టాడు. అక్కడివాళ్ళు ఆత్రంగా కొన్నారు. కొన్నవాళ్ళ స్వస్థలం పాతరేవు అయింది. వాళ్ళని మా ఊరికి తరలించాలని మళ్ళీ ఉత్తర్వు, మళ్ళీ బస్సులు. శాఖవారు దీన్ని ప్రజల చలనశీలత అన్నారు. దానికీ ఒక అవార్డు ఉందట.

ఉత్తర్వు మొత్తం చదివేది మా వీధిలో నేనొక్కదాన్నే గనక దారి నాకే కనబడింది. పాతరేవు కీ ఉంటే చాలు, పాత కీ లెక్కలోంచి పోతుంది, మనిషి పాతరేవు రావాల్సిందే. సంఘం నివేదికతో పనే లేదు. వెంటనే ఎదురింటివాళ్ళ చేత ఆన్‌లైన్ దుకాణానికి డబ్బు కట్టించి నాంచారు పేరున, అదే రైలు ఆటకి, మా ఊరి కీ ఒకటి కొన్నాను. దానికి ముందుగా చెప్పలేదు. చెప్తే వద్దంటుందేమోనని నాలో ఏ మూలో అనుమానం ఉండి ఉంటుంది.

కీ కొన్న మరునాడే విశ్వమోహనరావుగారు మా ఇంటికి వచ్చారు, వెంట ఇద్దరు గుమాస్తాలు, ఒక శాలువా.

"తమ చెల్లెలుగారి పునరాగమనానికి శాఖ తరఫున అభినందనలు," అన్నారు.

ఇంకా రాలేదండీ, బస్సు రావాలన్నాను.

"సంకేతం ఇక్కడ నమోదైన క్షణమే వినియోగదారు చేరినట్టు. భౌతికంగా చేరడం తదనంతర లాంఛనం."

లాంఛనానికి ఆగే ఓపిక ఆయనకి లేదు. నాంచారు కూర్చునే కుర్చీ ఏదని అడిగి, దాని వీపుకి శాలువా కప్పి, పక్కన నన్ను నిలబెట్టి ఫొటో తీయించుకున్నారు. కుర్చీకి నేను అడ్డం వస్తున్నానని గుమాస్తా నన్ను కాస్త జరగమన్నాడు.

నేను మాత్రం ఇల్లు కడిగాను. పరుపు ఎండేశాను. చింతకాయ పచ్చడి కొత్తది పట్టాను. మాఘ పౌర్ణమి ముందు రోజు కంపపాడు బస్సు వస్తుందన్నారు. పొద్దున్నే వెళ్ళి బస్టాండులో సంచాలకులవారి ఫొటో కింద కూర్చున్నాను. బస్సు వచ్చింది. పురోహితుడుగారు దిగారు. నిర్ధారణ సంఘం అధ్యక్షులవారు కూడా, కీబోర్డు చంకలో పెట్టుకుని, పాతరేవు వినియోగదారుగా దిగారు. ఆఖరికి డ్రైవరు కూడా దిగి తలుపు వేసేశాడు.

నాంచారమ్మ ఏదండీ అని పురోహితుడుగారిని అడిగాను. ఆయన చెప్పింది ఇదీ. కంపపాడులో బస్సు ఎక్కించేటప్పుడు పేర్లు పిలిచారు. నాంచారు పేరు రాలేదు. ఈయన అడిగితే, ఆవిడ సంకేతం పాతరేవులోనే నమోదైంది, ఎప్పుడో అక్కడికి చేరుకున్నారు, చేరుకున్నవారికి సీటు ఇవ్వడం కుదరదని కుముదవల్లిగారు చెప్పారు. అలాగే కంపపాడు లెక్కలోనూ ఆవిడ లేరు గనక షెడ్డులో ఉన్నా ఎవరూ ఏమీ అడగడం లేదు. "పేర్లు పిలిచేటప్పుడు ఆవిడ చేతిలో సంచీ అయితే లేదండీ," అన్నారాయన చివర, నా మొహం చూడకుండా.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. శాఖ బస్సు పోతే పోయింది, మామూలు బస్సు ఎక్కి వచ్చెయ్యమన్నాను. దారి చెప్పాను. ఎక్కడ మారాలో, మారేచోట ఏ పక్క నిలబడాలో, ఎవరేమిచ్చినా తినొద్దని, అన్నీ చెప్పాను. అవతల ఎవరో తుమ్మారు.

"ఆ కీ నువ్వే కొన్నావంటగా," అంది నాంచారు.

"నీకోసమేనే."

"తెలుసులే. అక్కా, ఇక్కడ పొద్దున లేవగానే సామ్రాజ్యం టీ ఇస్తా 'నాంచారమ్మా, ఇయ్యాల ఎందాకా పోతున్నావు' అని అడుగుద్దే. నువ్వు నన్ను ఒక్కనాడైనా అట్టా అడిగావా? సందు చివర దాకా పోయినా ఎప్పుడొస్తావనే అడిగావు."

భయమే అని చెప్పాలనుకున్నాను. అది దానికీ తెలుసు.

"ఇప్పుడు నేను ఏ లెక్కలోనూ లేను. ఎవరూ ఎక్కడికీ పొమ్మనరు, రమ్మనరు. ఇంత హాయి నాకెప్పుడూ లేదే. పచ్చడి మటుకు పంపు," అంది. నువ్వు కూడా రారాదా అని అనలేదు. రానా అని నేనూ అడగలేదు.

మరునాడు ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళి, నేను కొన్న కీ రద్దు చేయమన్నాను. మా చెల్లెలు ఎక్కడుందో అక్కడే ఉన్నట్టు రాయండి, అంతకంటే నాకేమీ వద్దన్నాను. విశ్వమోహనరావుగారు నొచ్చుకున్నారు.

"ఆవిడ తమ ఇంట్లోనే ఉన్నారమ్మా."

లేదండీ అన్నాను.

"పాతరేవులో నూటికి నూరు శాతం వినియోగదారులు చేరుకున్నారని నిన్ననే పైకి పంపాం. తమ ఒక్కరి అభిప్రాయం కోసం శాతం తగ్గించలేం." తరువాత గొంతు తగ్గించి దయగా అన్నారు, "వయసు మీదపడితే ఒక్కొక్కప్పుడు ఇంట్లో ఉన్న మనిషి కూడా కంటికి ఆనకపోవచ్చు. కళ్ళు చూపించుకోండి."

అయినా మర్యాదస్తులు గనక విచారణకి ఒక గుమాస్తాని పంపారు. అతను ఇల్లంతా తిరిగాడు. రెండు మంచాలు చూశాడు, రెండిటి మీదా పరుపులు ఉన్నాయి. దండెం మీద నాంచారు చీర చూశాడు. ఆ పూట నేను అలవాటున రెండు కంచాలు పెట్టుకుని ఉన్నాను, అవి కూడా చూశాడు. వినియోగదారు నివాసం నిర్ధారితమైనదని రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. కిందటి నెల పాతరేవుకి అవార్డు వచ్చింది. ఆహ్వానం ఇద్దరి పేర్లతో పంపారు.

నాంచారు మాఘ పౌర్ణమి ముందు రోజు బస్సులో రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు.